కర్త లేని బలం

పోయిన నెల ఒక శనివారం సాయంత్రం బెంగళూరు యశ్వంతపురంలో మెజెస్టిక్ బస్సెక్కాం, నేనూ మా అక్క కూతురూ. సీట్లు లేవు. పిల్ల ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో బ్యాగు పట్టుకుంది. రాడ్డు పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. కండక్టరు రెండుసార్లు “హిడ్కొళ్ళమ్మా”, పట్టుకోమ్మా అని కన్నడంలో అన్నాడు. ఇది వినిపించుకోలేదు. ఒక మలుపులో డ్రైవరు వడి తగ్గించకుండా కుడిపక్కకు తిప్పాడు. అంతే, ఎడమపక్క నిలబడ్డ పెద్దావిడ భుజమ్మీద పోయి పడింది.

“యాకమ్మా తళ్తీయా?” అంది ఆవిడ. ఎందుకమ్మా తోస్తావు అని.

“నానల్ల ఆంటీ, బస్సు తళ్ళితు,” అంది ఇది. నేను కాదు, బస్సు తోసింది అని.

మల్లేశ్వరం వచ్చేలోపు ఇద్దరూ ఊరు, పేరు, ఏం చదువుతున్నావు దాకా వెళ్ళి కలిసిపోయారు. నన్ను మాత్రం ఆ ప్రశ్న వదల్లేదు. అసలు ఎవరు ఎవర్ని తోశారు?

నేను పీణ్యాలో ఫ్యాన్లకూ బ్లోయర్లకూ బ్యాలెన్సింగ్, అంటే తిరిగేటప్పుడు అదరకుండా బరువు సరిచెయ్యడం, చేసే షాపులో పనిచేస్తాను. ఇరవై రెండేళ్ళుగా తిరిగే వస్తువులే అన్నం పెడుతున్నాయి. పిల్ల హిందూపురం నుంచి వచ్చి మా ఇంట్లో ఉండి ఫస్ట్ పీయూసీ, అంటే మన ఇంటర్ మొదటి ఏడు, చదువుతోంది. ఆ రాత్రి దాని ఫిజిక్స్ నోటుబుక్కు అడిగి తీసుకున్నాను. వృత్తాకార చలనం అనే పాఠం దగ్గర ఒక సున్నా గీసి ఉంది. దాని మీద ఒక చుక్క. చుక్క నుంచి లోపలికి ఒక బాణం, బయటికి ఒక బాణం. రెండింటి పక్కనా ఎమ్‌వీ స్క్వేర్ బై ఆర్ అనే రాసి ఉంది, ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి వ్యాసార్థంతో భాగించమని.

“రెండూ సమానం మామా. బ్యాలెన్స్ అయిపోతాయి. అందుకే గుండ్రంగా తిరుగుతుంది,” అంది.

“రెండు బలాలు సమానంగా, ఎదురెదురుగా ఉంటే ఏమవుతుంది?”

“ఫలిత బలం సున్నా.”

“ఫలిత బలం సున్నా అయితే?”

“సమవేగంతో సరళరేఖలో...” అంటూ ఆగిపోయింది. కాసేపు ఆ సున్నాని చూసి, “అట్లే రాయించినారు మామా,” అంది.

ఆ రాయించినాయన్ని అనడానికి నాకు నోరు రాదు. నేను కూడా అదే బొమ్మ గీసి, అదే మాట రాసి, మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. పదో తరగతి దాకా తెలుగు మీడియం. అప్పట్లో ఆ బొమ్మలో తప్పేమీ కనబడలేదు. ఎందుకు కనబడలేదా అని ఈ నెల రోజులుగా ఆలోచిస్తుంటే, దోషం లెక్కలోకన్నా వాక్యంలో ఎక్కువ ఉందనిపిస్తోంది.

బలం అనే మాటనే తీసుకోండి. కండబలం, ధనబలం, జనబలం, అండబలం. తెలుగులో బలం ఎప్పుడూ ఒకరికి ఉండేది. వాడికి బలముంది, వీడికి తగ్గింది, టానిక్కు తాగితే వస్తుంది, జ్వరం తగిలితే పోతుంది. ఊహ తెలిసినప్పటి నుంచీ ఈ మాటని ఇట్లా వాడిన పిల్లవాడికి తొమ్మిదో తరగతిలో అదే మాట బోర్డు మీద రాసి, ఇప్పుడిది న్యూటన్లలో కొలిచేది అంటాం. వాడి మనసులో అది వస్తువుకు ఉండే గుణంగానే మిగిలిపోతుంది. బంతికి బలముంది కాబట్టి పోతోంది, బలం అయిపోయింది కాబట్టి ఆగింది.

పాఠ్యపుస్తకపు వ్యాకరణం దీనికి తోడు. “వస్తువుపై బలము ప్రయోగింపబడినప్పుడు” అనే ధోరణి మనందరికీ కంఠతా వచ్చు. ప్రయోగించింది ఎవరు? చెప్పరు. మన ఇళ్ళల్లో ఎవరూ “అన్నం వడ్డింపబడింది” అనరు. అమ్మ వడ్డించింది, పెద్దమ్మ వడ్డించింది అంటారు. కర్తని మింగేసే ఆ వాక్యం తెలుగు నోటికి పట్టదు, సైన్సు పుస్తకంలో మాత్రం రాజ్యమేలుతుంది. కర్త మాయమైన వాక్యంలోకి ఏ బాణమైనా దూరిపోవచ్చు. బయటికి గీసిన ఆ రెండో బాణం అట్లా దూరిందే.

అందుకని పిల్లకి ఒక షరతు పెట్టాను. బాణం గీసే ముందు దాన్ని మామూలు తెలుగు వాక్యంగా రాయాలి. ఫలానాది ఫలానాదాన్ని తోసింది, లేదా లాగింది. కర్త ఉండాలి, “ని”తో ముగిసే కర్మ ఉండాలి, “బడు” ఉండకూడదు. వాక్యం రాయలేకపోతే బాణం గియ్యకూడదు. అంతకుమించి నా దగ్గర ఫిజిక్సు లేదు. అదొక్కటి సరిగ్గా నేర్పితే మెకానిక్స్‌లో సగం భయం పోతుందని మాత్రం గట్టిగా వాదిస్తాను.

బస్సు దగ్గరికి వద్దాం. బయటి బాణానికి వాక్యం రాయమన్నాను. “నన్ను ... ఎడమపక్కకి తోసింది.” ఖాళీలో ఏం పెట్టాలి? బస్సు అని రాసి కొట్టేసింది. బస్సు నేల దాని చెప్పుల్ని కుడిపక్కకి నెట్టింది, ఎందుకంటే బస్సే కుడిపక్కకి పోయింది. సీటు కమ్మీ తగిలి ఉంటే అదీ కుడిపక్కకే నెట్టేది. ఎడమపక్కకి తోసినవాళ్ళు ఆ బస్సులో ఒక్కరూ లేరు. పిల్ల తన మానాన తను తిన్నగా పోతోంది. బస్సు దాని కింద నుంచి కుడికి జరిగిపోయింది. పెద్దావిడ భుజం అడ్డమొచ్చి పిల్లని కుడిపక్కకి తోసింది, పిల్ల ఆ భుజాన్ని ఎడమపక్కకి తోసింది. కాబట్టి ఆవిడ ఫిర్యాదు అక్షరాలా నిజం. మావాళ్ళమ్మాయి చెప్పిన సాక్ష్యమే తప్పు. బస్సు తోసిన మాట నిజమేగానీ, ఆ పక్కకి కాదు.

అంకెలు వేసి చూశాం. గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకు 10 మీటర్లు. మలుపు వ్యాసార్థం 40 మీటర్లనుకుంటే త్వరణం వేగం వర్గం 100 భాగించు 40, అంటే 2.5. పిల్ల 48 కిలోలు. దాన్ని బస్సుతోపాటు తిప్పడానికి ఎవరో ఒకరు 120 న్యూటన్లతో కుడికి నెట్టాలి. ఇంచుమించు 12 కిలోల బరువు మోసినంత. చెప్పుల కింద ఘర్షణ కొంత ఇచ్చింది, మిగిలింది ఆవిడ భుజం ఇచ్చింది.

ఇదంతా మా తాతకి తెలుసు. జొన్న చేలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పి పిట్టల్ని తోలేవాడు. చిన్నప్పుడు నేనూ తిప్పాను, నా రాయి ఎప్పుడూ పక్క చేలోకి పోయేది. తిరుగుతున్న రాయిని ఏదో బయటికి లాగుతోందనేది నిజమైతే, వడిసెల పిట్టకేసి చాచి ఉన్న క్షణంలో వదలాలి. నేను చేసింది అదే. తాత పావు చుట్టు ముందే వదిలేవాడు, రాయి తన పక్కన ఉన్నప్పుడు. పట్టు వదిలిన క్షణంలో రాయి ఎటు పోతోందో అటే తిన్నగా పోతుంది. లోపలికి లాగుతున్న తాడు ఆగిపోయింది, కొత్తగా తోసినవాడు ఎవడూ లేడు. మా షాపులో గ్రైండింగ్ వీల్ దగ్గర నిప్పురవ్వలు కూడా అంతే. చక్రం మధ్య నుంచి పువ్వు విచ్చుకున్నట్టు చిమ్మవు, అంచుని ఒరుసుకుంటూ గీత గీసినట్టు ఒకే దిక్కుకు పోతాయి. చేరిన కొత్తలో మా మేస్త్రి చెప్పిన మొదటి మాట, వీల్ ఆన్ చేసేటప్పుడు దానికి ఎదురుగా నిలబడొద్దు, పక్కకి ఉండు అని. పగిలితే ముక్కలు ఆ చక్రం తిరిగే తలంలోనే దూసుకొస్తాయి.

అయినా పిల్లల పొరపాటుని తేలిగ్గా చూడకూడదు. దానికి మంచి వంశవృక్షం ఉంది. మన తర్కశాస్త్రంలో సంస్కారం అంటే మర్యాద కాదు, లోపల మిగిలిపోయే ఒక గుణం. అది మూడు రకాలు: వేగం, భావన, స్థితిస్థాపకం. విల్లు వదిలేశాక కూడా బాణం పోతూనే ఉంటే, దానిలో పుట్టిన వేగమే దాన్ని నడిపిస్తోందన్నారు. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో పిల్లలకు సులువుగా తెలియడానికని రాసిన తర్కసంగ్రహంలో ఈ మూడూ ఉన్నాయి. మన ఫిజిక్సు పుస్తకాల్లో స్థితిస్థాపకత అక్కడి మాటే. అలెగ్జాండ్రియాలో 6వ శతాబ్దంలో ఫిలోపోనస్, పారిస్‌లో 14వ శతాబ్దంలో బురిడాన్ అనే తత్వవేత్తలు ఇంచుమించు ఇదే అన్నారు, విసిరినవాడు వస్తువులో ఏదో నింపి పంపుతాడని. ఇంతమంది తలపండినవాళ్ళు అనుకున్నదే మా పిల్లా అనుకుంటోంది.

రూపాయి బిళ్ళ పైకి ఎగరేసి అడగండి, అది పైకి పోతున్నప్పుడు దాని మీద ఏమేం బలాలున్నాయని. గాలి సంగతి వదిలేస్తే భూమి కిందికి లాగడం ఒక్కటే. చెయ్యి వదిలేసింది కాబట్టి చేతికి ఇక ఆ వాక్యంలో చోటు లేదు. కానీ అందరూ పైకి ఒక బాణం గీస్తారు, “చేతి బలం” అని. 1982లో జాన్ క్లెమెంట్ అనే పరిశోధకుడు అమెరికాలో ఇంజినీరింగు విద్యార్థుల్ని ఇదే నాణెం ప్రశ్న అడిగితే అక్కడా చాలామంది ఆ బాణమే గీశారు. అంటే తెలుగు బలం ఒక్కటే దోషి కాదని ఒప్పుకోవాలి. ఇంగ్లీషు ఫోర్సూ ఆ తానులో ముక్కే. 1990 ప్రాంతంలో హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ తన క్లాసుకి ఇలాంటి ప్రశ్నలే ఇస్తే, మీరు నేర్పినట్టు రాయాలా, నేను మామూలుగా అనుకునేట్టు రాయాలా అని ఒక విద్యార్థి అడిగిందట. నాకు ఆ అమ్మాయి మీద గౌరవం. మనలో చాలామందికి తలలో అట్లా రెండు ఖాతాలు నడుస్తున్నాయని కూడా తెలియదు.

మధ్యలో ఒక మాట. చర్య, ప్రతిచర్య అనే పేర్లు పెట్టినవాళ్ళ మీద నాకు కొంచెం కోపముంది. ప్రతిచర్య అనగానే ముందు ఒకడు కొట్టాడు, తర్వాత రెండోవాడు తిరిగి కొట్టాడు అనిపిస్తుంది. వాట్సాప్‌లో పొద్దున్నే వచ్చే సూక్తులకి మూడో నియమం కర్మ సిద్ధాంతమైపోయింది, ఎవరికి చేసింది వాళ్ళకి తిరిగొస్తుందట న్యూటన్ సాక్షిగా. ఆయన 1687లో అచ్చేసిన ప్రిన్సిపియాలో ఇచ్చిన ఉదాహరణ చాలా సాదా. వేలితో రాయిని నొక్కితే రాయీ వేలిని నొక్కుతుంది. ముందూ వెనకా లేదు, పగా లేదు. మా షరతులో చెప్పాలంటే, కర్తనీ కర్మనీ తారుమారు చేసినా వాక్యం నిజంగానే ఉండాలి. పిల్ల ఆవిడని తోసింది, ఆవిడ పిల్లని తోసింది. ఏ బలాన్నైనా ఇట్లా తిరగేసి చూడొచ్చు. బయటి బాణాన్ని తిరగెయ్యమంటే, తిరగెయ్యడానికి ఖాళీలో ఎవరూ లేరు.

తిరగడం గురించి మాట్లాడేటప్పుడు “ఎవరు” ఒక్కటే చాలదు, “ఎక్కడ” అని కూడా అడగాలి. తిరగలి పిడి అంచున ఎందుకు పెట్టారో ఎవరికీ పాఠం చెప్పనక్కర్లేదు. షాపులో బిగుసుకున్న నట్టుకి స్పానర్ వేసి, స్పానర్‌కి పైపు తొడుగుతాం. నట్టుకి 100 న్యూటన్ మీటర్ల టార్కు, అంటే బలాన్ని దూరంతో గుణిస్తే వచ్చే తిప్పుడు, కావాలంటే పావు మీటరు స్పానర్ చివర 400 న్యూటన్లు, ఇంచుమించు 40 కిలోల బరువు వెయ్యాలి. అర మీటరు పైపుకి 20 కిలోలు చాలు. మనిషీ అదే, నట్టూ అదే, మారింది పట్టుకున్న చోటు.

ఇప్పుడు బస్సులో ఇంకో ముడి విడిపోతుంది. లెక్క ప్రకారం చెప్పుల కింద ఘర్షణకి 120 న్యూటన్లు ఇచ్చే తాహతు ఉంది. మరి పిల్ల ఎందుకు పడింది? నేల నెట్టింది పాదాల్ని. గరిమనాభి, అంటే ఒంటి బరువంతా పోగైనట్టుండే చోటు, నడుము దగ్గర ఉంది. పాదాలు బస్సుతో కుడికి పోయాయి, పై ఒళ్ళు వెనకబడింది, మనిషి ఎడమకి ఒరిగింది. బలం సరిపోయేదే, అందింది మరీ కింద. ముందే కుడికి ఒక 14 డిగ్రీలు వాలి ఉంటే నిలబడేది. బైకు మీద మలుపులో మనం ఆలోచించకుండా చేసేది అదే. టిక్కెట్లు కొట్టే కండక్టరు తుంటిని సీటు కమ్మీకి ఆనించి నిలబడతాడు చూడండి, నడుము ఎత్తులోనే నెట్టించుకుంటాడు. ఆయనకి ఏ పుస్తకమూ అక్కర్లేదు.

డిసెంబరు పొద్దుల్లో బెంగళూరులో కొబ్బరినూనె గడ్డ కడుతుంది కదా. మేం దానితో ఒక ఆట ఆడాం. ఒకే రకం గుండ్రటి సీసాలు రెండు, రెండింటా మూతిదాకా నూనె. ఒకటి రాత్రంతా బాల్కనీలో పెట్టాం, రాయైపోయింది. ఇంకోటి వేణ్ణీళ్ళలో పెట్టి కరిగించాం. ఇస్త్రీ బల్లని వాలుగా పెట్టి రెంటినీ ఒక్కసారి దొర్లించాం. బరువు ఒకటే, సైజు ఒకటే. మా ఆవిడ గడ్డ కట్టిందే గెలుస్తుందంది. కరిగిందే గెలిచింది, ప్రతిసారీ.

ఎందుకో పిల్ల వాక్యంతోనే పట్టుకుంది. “నూనెని ఎవరు తిప్పాలి మామా? సీసా గోడే తిప్పాల. గడ్డ కట్టినదాన్ని పట్టుకుని తిప్పుతుంది. కరిగినదాన్ని పట్టుకోలేదు, జారిపోతుంది. లోపల నూనె తిరక్కుండా ఊరికే కిందికి దిగిపోతుంది.” సరిగ్గా అంతే. దిగినప్పుడు వచ్చిన శక్తిలో గడ్డ నూనె సీసా కొంత భాగాన్ని లోపలి ముద్దని తిప్పడానికి ఖర్చు పెట్టాలి. జడత్వ భ్రామకం అనే ఆరు అక్షరాల మాటని చూసి భయపడిన పిల్లే ఇది. ఆ రోజు నుంచి ఆ మాట దానికి “తిప్పడానికి ఎంత మొండికేస్తుందో” అయింది.

నన్ను ఒప్పుకోనివాళ్ళున్నారు, మా షాపులోనే. “బయటికి లాగే బలం లేదంటావు, మరి బేరింగులు ఎందుకు పోతాయి?” అని మా కుర్ర ఇంజినీరు. మంచి ప్రశ్న. ఇంపెల్లర్ (బ్లోయర్‌లో తిరిగే రెక్కల చక్రం) మీద మధ్య నుంచి 20 సెంటీమీటర్ల దూరాన 10 గ్రాములు ఎక్కువున్నాయనుకోండి. నిమిషానికి 3000 చుట్లు తిరిగితే ఆ 10 గ్రాములు షాఫ్టుని, అంటే ఇరుసుని, దాదాపు 197 న్యూటన్లతో లాగుతాయి, 20 కిలోల బరువు వేలాడదీసినట్టు, అదీ సెకనుకు 50 సార్లు దిక్కు తిరుగుతూ. ఆ బయటి బలం అచ్చమైన బలం. నా జీతం దాని మీదే వస్తోంది. కానీ వాక్యం చూడండి: బరువు షాఫ్టుని లాగింది. కర్మ షాఫ్టు. పిల్ల నోటుబుక్కులో ఆ బాణాన్ని తిరిగే చుక్క మీదే గీశారు. పెద్దావిడ భుజం నొప్పిని తెచ్చి పిల్ల ఒంటి మీద రాసినట్టు. 1659లో హైగెన్స్ అనే డచ్చి శాస్త్రవేత్త ఈ బయటికి లాగే అపకేంద్ర బలాన్ని లెక్క కట్టినప్పుడు, తిరిగే చక్రం మీద దారం పట్టుకున్న మనిషిని ఊహించి, సీసపు గుండు ఆ దారాన్ని ఎంత లాగుతుందని అడిగాడు. అందులో కర్తా కర్మా ఇద్దరూ ఉన్నారు. న్యూటన్ ఆ పేరుకి జోడీగా లోపలికి లాగేదానికి అభికేంద్రం అని పేరు పెట్టాడు. తర్వాత్తర్వాత ఎక్కడో కర్తలు రాలిపోయారు.

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా గట్టిది. తిరిగే బస్సులోనే కూర్చుని, బస్సే కదలకుండా ఉందనుకుని లెక్క వెయ్యొచ్చు కదా? వెయ్యొచ్చు. అప్పుడు లెక్క సరిపోవడానికి బయటికి ఒక బలాన్ని కలుపుకోవాలి. 1835లో కోరియాలిస్ అనే ఫ్రెంచి ఆయన తిరిగే యంత్రాల కోసం అట్లా కలిపిన ఇంకో బలంతోనే ఇప్పుడు బంగాళాఖాతంలో తుఫాను గడియారానికి ఎదురు ఎందుకు తిరుగుతుందో చెబుతున్నారు. వాళ్ళని తప్పు పట్టే స్థాయి నాది కాదు. కాకపోతే అది అనుభవజ్ఞుల అడ్డదారి. ఇల్లు తెలిసినవాడు పెరటి గుమ్మంలోంచి వస్తే తప్పేముంది. మొదటిసారి వచ్చినవాణ్ణి వీధి గుమ్మంలోంచే తీసుకురావాలి. ఆ పక్క అరుగు మీదా ఈ పక్క అరుగు మీదా ఒకేసారి కూర్చోబెట్టి ఒకే బొమ్మలో రెండు బాణాలు గీయించడం మాత్రం ఏ దారీ కాదు.

నా షరతుకి అసలు దెబ్బ పోయిన ఆదివారం తగిలింది. పిల్ల బలాలన్నిటికీ వాక్యాలు రాస్తోంది. కుర్చీ నన్ను పైకి నెడుతోంది. నేను కుర్చీని కిందికి నెడుతున్నాను. భూమి నన్ను కిందికి లాగుతోంది. అక్కడ ఆగింది.

“కుర్చీ నెట్టేది తెలుస్తాంది మామా. బస్సులో ఆంటీ తోసింది తెలిసింది. భూమి లాగేది నాకెప్పుడూ తెలీలా. మిద్దె మీంచి దూకినప్పుడు కూడా లాగినట్టు లేదు, ఊరికే ఉన్నట్టుంది. దీనికి కర్త ఉన్నట్టా, లేనట్టా?”

1907లో బెర్న్ పేటెంటు ఆఫీసులో కూర్చుని ఐన్‌స్టీన్ ఇంచుమించు ఇదే అనుకున్నాడు, కింద పడుతున్న మనిషికి తన బరువు తెలియదని. అక్కణ్ణుంచి ఆయన చేరిన చోట భూమి ఆకర్షణ కూడా బస్సులో మన బయటి బాణం కులానిదే అవుతుంది, ఎవరూ తోయకపోయినా తోసినట్టుండేది. పిల్లకి ఇది ఎంతవరకు చెప్పాలో తేల్చుకోలేకపోయాను. ఫస్ట్ పీయూసీకి భూమి లాగుతుందనే రాయి, పరీక్షకీ ఫ్యాన్ బ్యాలెన్సింగుకీ అది చాలు అన్నాను. మొహం చిన్నబుచ్చుకుంది. అడ్డదారి వద్దని నెల రోజులుగా చెప్పినవాణ్ణి నేనే.

ఆ పేజీలో వాక్యాలన్నీ నీలం పెన్నుతో ఉన్నాయి. భూమిది మాత్రం చెరిపేసి పెన్సిల్‌తో రాసుకుంది.